బీరు అమ్మిన భీరువు

భీరువు అంటే పిరికివాడు. భీరు అన్నా అదే. అందులో ఒత్తు తీసేస్తే మిగిలేది బీరు. ఉద్యోగం చేసినంతకాలం ఆ ఒత్తు నా నెత్తిమీదే ఉండేది. ఒత్తిడి సరేసరి.

ఈమధ్య ఇద్దరు కుర్రాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. చిన్న బ్రూవరీ పెడుతున్నారట. డెబ్భైల్లో బెజవాడ బయట ఒక చిన్న బీరు ఫ్యాక్టరీ ఉండేదనీ, దాని సరుకు కృష్ణాజిల్లా అంతా తిప్పి అమ్మినవాణ్ణి నేనేననీ ఎవరో చెప్పారట.

"అంకుల్, అప్పట్లో మీ మార్కెటింగ్ స్ట్రాటజీ ఏంటి?" అన్నాడు ఒకడు.

"భయం" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నేను జోకులేస్తానని వాళ్ళకి ముందే చెప్పి పంపినట్టున్నారు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటా నేను జోకుగా అనలేదు. అందుకని వాళ్ళకోసం ఇది రాస్తున్నాను.

సరుకు సంగతి

మా ఓనరు సూర్యారావుగారు రైసుమిల్లులోంచి బీరులోకి వచ్చిన మనిషి. వడ్లు తెలిసినవాడికి బార్లీ ఎంతలే అన్నది ఆయన ధైర్యం. అది తప్పేమీ కాదు. సరుకు నిజంగానే బాగుండేది. దానికి వెన్నెల అని పేరు పెట్టారు. లేబులు మీద చందమామ, కింద రెండు బార్లీ కంకులు. గవర్నర్‌పేటలో మేడ మీద రెండు గదుల ఆఫీసు. అందులో ఒక కుర్చీ నాది. దాంట్లో నేను కూర్చున్నది తక్కువ. వ్యాన్లో కూర్చున్నదే ఎక్కువ.

బాగున్న సరుకును అమ్మడం తేలికని మీరనుకుంటే ఈ వృత్తిలోకి రావద్దు. మా డెల్టాలో తాగేవాడికి సారా ఉంది, కల్లు ఉంది. వాడికి బీరు ఇస్తే "ఇంత సీసా తాగినా ఏం లేదేంటండీ?" అనేవాడు. ఊళ్ళలో ఫ్రిజ్జులు లేవు. ఐసుదిమ్మ ఊకలో పూడ్చి తెచ్చుకోవాలి. ఐసు లేని ఊళ్ళో మూత తీస్తే సగం సీసా నురగై గోడకి కొట్టేది. నిలవున్న సీసాలో అడుగున కాస్త మడ్డి చేరేది. "ఇది బీరా, కుడితా?" అన్నాడు గుడివాడలో ఒక షాపాయన. ఇంకొకాయన, "బీరు కన్నా బీరకాయ నయమండీ, పప్పులోకైనా వస్తుంది" అన్నాడు. నేనూ నవ్వాను. మనం నవ్వకపోతే అవతలివాడు ఇంకోటి అంటాడు.

నా భయాలు అప్పటికే చాలా ఉండేవి. ఎండకి వ్యాన్లో సీసాలు పేలతాయని భయం. ఎక్సైజువాళ్ళంటే భయం. అన్నిటికన్నా మా చర్చి అంటే భయం. మాది ప్రొటెస్టెంటు కుటుంబం. మా మామగారు సంఘపెద్ద. మద్యపానం మానండని నెలకోసారి ప్రసంగం చేసేవారు. ముందు వరసలో కూర్చుని అందరికన్నా శ్రద్ధగా తల ఊపేవాణ్ణి నేనే.

బీరు కొనగలిగినవాళ్ళు మేష్టర్లు, గుమాస్తాలు, ఓ మోస్తరు రైతులు. వాళ్ళకి కొనాలనే ఉండేది. కానీ బ్రాందీషాపు మెట్టెక్కడానికి సిగ్గు. ఎక్కి ఆ మాట పైకి అనడానికి ఇంకా సిగ్గు. ఎలాగో కొన్నవాడు దాన్ని బీరువాలో దాచేవాడు. పేరులోనే ఉంది కదా దాని చోటు. ఇప్పుడు మీరు స్ట్రాటజీ అంటున్నారే, మాకు కావలసింది సిగ్గుకి విరుగుడు. అది మా ఇంట్లో దొరికింది.

మాట పుట్టిన ఇల్లు

భవానీపురంలో మా అద్దె ఇంటికి ఒక సాయంత్రం సూర్యారావుగారు చెప్పకుండా వచ్చారు. ఆ వేళ మా ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన. చాప మీద అమ్మగార్లంతా పాటల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. గుమ్మంలో సిల్కు లాల్చీతో ఈయన. నా ప్రాణం పైనే పోయింది.

"ఎవరమ్మా ఈయన?" అంది ఒక పెద్దావిడ.

మా ఆవిడ పుష్పలీల తొణకలేదు. "మా ఆయన పనిచేసే బార్లీ కంపెనీ ఓనరుగారండీ" అంది.

"బార్లీయా? ఎంత చలవ బాబూ! మా కోడలికి రోజూ కాచి పోస్తున్నాం" అంది ఆవిడ. సూర్యారావుగారు చేతులు జోడించి, "అంతా మీ ఆశీర్వాదమండీ" అన్నారు.

వీధిలోకి రాగానే ఆయన నా భుజం మీద చరిచారు. "ఏవయ్యా, ఇన్నాళ్ళు నువ్వు అమ్మింది ఏముంది? అమ్మింది మీ ఆవిడ! ఆ మాటకి ఎంత మర్యాదుందో చూశావా? అబద్ధం కూడా కాదు. బార్లీతోనే కదా చేస్తున్నాం!"

"ఎవరైనా నిజంగానే బార్లీ అనుకుంటేనండీ?"

"బార్లీకి బీరుకి తేడా తెలియనివాడు మన పార్టీ కాదులే. నీకు అన్నిటికీ భయమేనయ్యా."

ఓనరు తిడితే ఎదురు చెప్పొచ్చు. నిజం చెబితే ఏం చెబుతాం?

వారం తిరక్కుండా ఏర్పాటు జరిగింది. బ్రాందీషాపు పక్కనే సొంత కిరాణాకొట్టు కూడా ఉన్న వ్యాపారుల్ని ఎంచుకున్నాం. రెండు కొట్లకీ మధ్య తలుపు ఉంటుంది. పెద్దమనిషి కిరాణాకొట్టుకి వస్తాడు. "బార్లీ ఒకటి" అంటాడు. మధ్య తలుపులోంచి పేపరు చుట్టిన సీసా వచ్చి కందిపప్పు పొట్లాం పక్కన సంచీలో కూర్చుంటుంది. ఎవరూ ఎవరి కళ్ళల్లోకీ చూడక్కర్లేదు.

అమ్మకం పొంగింది, ఐసు లేని ఊళ్ళో సీసా పొంగినట్టు. బార్లీ అడిగే మేష్టర్లు మొహం కూడా రోగిలా పెట్టేవారు. "ఒంట్లో వేడిగా ఉందండీ" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవారు. మన భాషలో ఇదొక చిక్కు. ఒంటికి నయం చేసేదీ మందే, ఒళ్ళు తెలియకుండా చేసేదీ మందే. పక్కపక్క కొట్లలో ఈ రెండు మందులకీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. ఆ తలుపు తీసి ఉంచడమే మా స్ట్రాటజీ.

పామర్రులో

అన్ని ఊళ్ళకన్నా పామర్రులో బాగా పోయేది. అక్కడ వీరభద్రం అని, మాటకారి వ్యాపారి. ఒకరోజు పొద్దున వ్యాన్ దించుతుంటే కొట్లోంచి నవ్వుతూ బయటికొచ్చాడు.

"మీ బార్లీకి ముసలమ్మలు కూడా తగులుకున్నారండోయ్! మా ఊరెనక నేతగాళ్ళ వీధిలో నాగరత్తమ్మ అని ఒకావిడ. రెండ్రోజులకోసారి వచ్చి కంపెనీ బార్లీ ఇవ్వు నాయనా అని పట్టుకెళ్తంది."

"ఆవిడే తాగుతుందా?"

"అల్లుడికేమో అనుకున్నా. నిన్న అడిగితే కాదంట. కూతురు పురిటికొచ్చింది, కాళ్ళు వాచినయ్యి, అందుకు అంటంది. చూశారా, మేష్టర్లకన్నా బాగా చెప్తంది సాకు!"

అతను నవ్వుతున్నాడు. నేనూ నవ్వబోయాను. నోరు తెరుచుకుంది గానీ నవ్వు రాలేదు.

కాళ్ళు వాచిన గర్భిణికి బార్లీ నీళ్ళు కాచి ఇవ్వడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన వైద్యం. మా ఆవిడకీ ఇచ్చారు. ఆ ముసలమ్మ సాకు చెప్పడం లేదు. ఆవిడ ఆ కొట్లో నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి.

"వీరభద్రంగారూ, ఆవిడ బార్లీయే అడిగింది. మీరు బీరు ఇచ్చారు."

"నేనిచ్చానా? బార్లీ అంటే అదివ్వమని చెప్పింది మీరు కాదా?" అన్నాడు. అంటూనే అతని మొహంలో రంగు మారింది. "అమ్మో! ఎన్నాళ్ళబట్టి పట్టుకెళ్తందో..." కొట్లోకి ఒకసారి తిరిగి చూసి, "మీరెళ్ళి చూడండి. నా పేరు మాత్రం ఎత్తమాకండి" అన్నాడు. భయపడేవాడు నాకు ఒక్క చూపులో అర్థమైపోతాడు. మాదంతా ఒకే కులం.

వ్యాన్ నడిపే మస్తాన్ సగం సీసాలు దించి ఆగాడు. "మిగతావి?" అన్నాడు.

"ఉండనీ. ముందు ఆ వీధికి పద."

కంపెనీ మందు

ఆ వీధిలో ఏ ఇంటి ముందాగినా మగ్గం చప్పుడే. నాగరత్తమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే మొహం విప్పారింది.

"బార్లీ కంపెనీయా నాయనా? కూర్చో. నీ కడుపు చల్లగుండ! ఎంత మంచి మందు చేశారయ్యా!"

"ఎలా ఇస్తున్నారమ్మా?"

"గ్లాసులో పోసి, చిటికెడు ఉప్పేసి. ఉప్పెయ్యంగానే ఎట్టా పొంగుద్దో! అసలైన సరుకు అట్టాగే పొంగుద్దంట గదా. మా కాలంలో కాచుకు చచ్చేవోళ్ళం. ఇప్పుడు కంపెనీవోళ్ళే కాచి పోస్తన్నారు."

"చేదుగా లేదా?"

"మందన్నాక చేదుండదా? తియ్యగా ఉంటే మందేంటి నాయనా, పానకం గానీ."

లేబులు మీద బార్లీ కంకుల్ని వేలితో చూపించింది. చదువు రానివాళ్ళకి కూడా అర్థం కావాలని సూర్యారావుగారు పట్టుబట్టి వేయించిన బొమ్మ అది. అర్థమైంది.

"అమ్మాయి ఏదమ్మా?"

"లోన పడుకునుంది. ఇది తాగితే నిద్ర బాగా పడతంది. రాత్రీ నిద్రే, పగలూ నిద్రే."

అప్పుడే ఆ పిల్ల గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కోటేశ్వరి అట పేరు. కాళ్ళ సంగతి వదిలెయ్యండి. మొహం వాచిపోయి ఉంది. గాజులు చేతిలోకి దిగబడి ఉన్నాయి.

"తల పగిలిపోతందమ్మా" అంది. "కళ్ళ ముందు మెరుపుల్లాగా వస్తన్నయ్యి."

"ఇంకో గ్లాసు తాగి పడుకో తల్లీ" అంది నాగరత్తమ్మ. ఎంత ప్రేమగా అందో ఇప్పటికీ చెవిలో ఉంది.

మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది: కాళ్ళు వాస్తే చూద్దాం, మొహం వాస్తే పరిగెత్తుకు రండి. ఈ పిల్లకి మొహం వాచి ఎన్నాళ్ళైందో. తలనొప్పి వచ్చినప్పుడల్లా మా సరుకు ఆమెను నిద్రపుచ్చుతోంది. జబ్బు తలుపు కొడుతుంటే మా సీసా గడియ పెడుతోంది.

నిజం చెప్పాలి. కానీ పక్కిళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. కొత్త మనిషిని, వ్యాన్ని చూసి ఒక్కొక్కరే అరుగుల మీదికి వస్తున్నారు. "అది బీరమ్మా" అన్నానంటే నాలుగు తన్నులు తప్పవు. దానికి నేను భయపడలేదని రాస్తే మీరు నమ్మరు. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. గర్భిణి రోజూ బీరు తాగుతోందన్న మాట ఆ వీధిలో ఒకసారి పుడితే ఆ పిల్ల అత్తారింటి దాకా నడిచి వెళ్తుంది. ఆ తరవాత ఆమెను ఆ ఇంట్లో అడుగు పెట్టనిస్తారా?

"సార్, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాడు మస్తాన్ నా చెవి దగ్గర.

"మీ పిల్లకి మొహం వాచిందమ్మా. ఇది బార్లీకి తగ్గే వాపు కాదు. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే. మా వ్యానుంది" అన్నాను.

"బండి దొరకదని, బస్సులో కుదుపుకి భయపడి ఊరుకున్నాను గానీ..." అంటూ ఆవిడ అప్పటికే దుప్పటి మడత పెడుతోంది. "కంపెనీవోళ్ళు ఇంటికొచ్చి తీసుకెళ్తన్నారంటే ఎంత మంచోళ్ళో!"

ఆ మెప్పు కన్నా తన్నులే నయమనిపించింది.

కోటేశ్వరిని ముందు సీట్లో కూర్చోబెట్టాం. వెనక సీసాల పెట్టెల మధ్య నాగరత్తమ్మ, నేను. గుంట వచ్చినప్పుడల్లా సీసాలన్నీ గలగలమనేవి. "ఇన్ని బార్లీలే!" అంది ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి. ఉయ్యూరు దాటేదాకా ముందు సీటునుంచి మూలుగు వినపడింది. తరవాత వినపడలేదు. మూలుగు లేకపోవడం మరీ భయం. "మస్తాన్, ఉందా?" అని అరిచాను. ఏం అడుగుతున్నానో నాకే తెలియదు. "ఉంది సార్, నా భుజం పట్టుకునే ఉంది" అన్నాడు.

ఆసుపత్రిలో

డాక్టర్ ఎస్తేరమ్మగారు మా చర్చికే వస్తారు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, రక్తపోటు చూశారు. వెంటనే నర్సును కేకేసి ఏవో తెమ్మన్నారు. నాగరత్తమ్మ వైపు తిరిగి, "ఏం పెడుతున్నారు? ఏం తాగిస్తున్నారు?" అని గబగబా అడిగారు.

"బార్లీ అమ్మగోరూ. రోజూ బార్లీయే."

"సరే, మంచిదే" అన్నారు డాక్టరమ్మ. ఇంజక్షను సీసా చేతిలోకి తీసుకున్నారు.

మేం కనిపెట్టిన మాట ఎంత బాగా పనిచేస్తుందో అక్కడ చూశాను. డాక్టరు కూడా నమ్మారు.

"అమ్మగారూ, ఒక్కసారి ఇటు..." అన్నాను.

"ఇప్పుడు కాదు. మూర్ఛ రాకుండా ముందు దీన్ని నిద్రలోకి పంపాలి."

"అది బార్లీ కాదండీ."

ఆవిడ చెయ్యి ఆగింది. నన్ను తలుపు పక్కకి తీసుకెళ్ళారు. "మరేంటి?"

"మా కంపెనీ సరుకండీ."

"మీది బార్లీ కంపెనీయే కదా? పుష్పలీల చెప్పింది."

ఇన్నేళ్ళు అమ్మిన సరుకు పేరు ఇప్పుడు పైకి చెప్పాలి. నాకు తెలిసి ఆ మాట చర్చివాళ్ళెవరి ముందూ నేను పలకలేదు. ఎదురుగా ఇంజక్షను. బల్ల మీద కళ్ళు తేలేస్తున్న పిల్ల.

"బీరు" అన్నాను. మెల్లిగా అందామనుకున్నాను. అరుపే వచ్చింది. నర్సు వెనక్కి తిరిగి చూసింది.

"చివరిసారి ఎప్పుడు తాగింది?" అన్నారు డాక్టరమ్మ.

"పొద్దున ఒక గ్లాసని దారిలో ముసలమ్మ అన్నది."

ఆవిడ చేతిలో సీసా పక్కన పెట్టేశారు. వేరే మందేదో, తక్కువ మోతాదులో ఇమ్మన్నారు. తలుపు వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నాగరత్తమ్మ పక్కన కూర్చుని, పెడనలో ఉన్న అల్లుడికి కబురు పంపారా అని అడిగింది. పంపానన్నాను. పంపింది మస్తాన్. నాకు బుర్ర పనిచేయడం లేదు. చీకటి పడే వేళ డాక్టరమ్మ బయటికొచ్చి నన్ను ఒక్కణ్ణే పిలిచారు.

"మూర్ఛ ఒకసారి వచ్చింది, ఆపగలిగాం. నెలలు నిండకపోయినా బిడ్డను బయటికి తియ్యాల్సి వచ్చింది. ఆడపిల్ల. బొత్తిగా చిన్నది. ఇద్దరూ ప్రస్తుతానికి ఉన్నారు." ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "వాపులకి మీ బీరు కారణం కాదు. అది ఆ జబ్బు. కానీ బార్లీ తాగుతున్నాం, తగ్గిపోతుంది అనుకుని రాకుండా కూర్చున్నారు. ఆ మత్తు మీద నేను నా మందు కూడా ఎక్కించి ఉంటే ఊపిరి ఆగిపోయేది. బీరు ఆ పిల్లని చంపేది కాదు. మీ మాట చంపేది."

ఉద్యోగంలో నాకు దొరికిన చదువంతా ఆ వరండాలోనే.

మర్నాడు పొద్దున అల్లుడు బ్రహ్మయ్య వచ్చాడు. బక్కపలచటి మనిషి, చేతివేళ్ళకి అద్దకం రంగు. నాగరత్తమ్మ లోపల ఉంది. అతను తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"మీరేనా కంపెనీ మనిషి? మా ఆడదానికి పట్టింది ఏందండీ? నర్సమ్మ ఏందో అంటంది."

పారిపోయే దారి కోసం చూశానా అంటే చూశాను. వరండాకి ఒకటే దారి, అందులో అతను నిలబడ్డాడు.

"బీరు బాబూ. మీ అత్తగారు అడిగింది బార్లీ. బార్లీ అని చెప్పి బీరు ఇచ్చింది మేము. ఆవిడకి తెలియదు. మీ ఆవిడకీ తెలియదు. ఇందులో వాళ్ళ తప్పు గోరంత లేదు."

అతను నా కాలరు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కాసేపటికి కళ్ళు తెరిస్తే అతనింకా కాలరు పట్టుకునే ఉన్నాడు, ఏడుస్తున్నాడు.

"ఇద్దరికీ చెప్పలేదు గదా?"

"లేదు."

"చెప్పమాకండి. అత్తమ్మకి తెలిసిందంటే బావిలో దూకుద్ది. దానికి తెలిసిందంటే బిడ్డను చూసుకున్నప్పుడల్లా ఏడుస్తది. మా అమ్మోళ్ళతో నేను చూసుకుంటా. మీరు నోరు తెరవమాకండి, నా మీద ఒట్టు."

ఆ పిల్లని అతను వదిలేస్తాడని నిన్నటినుంచీ వణికిపోయినవాణ్ణి నేనే. అమ్మకాల్లో ఉన్నవాడికి మనుషుల్ని అంచనా వేయడం వచ్చనుకుంటారు. అతన్ని చూడకుండానే నేను అంచనా వేశాను.

భయం అమ్మడం

సూర్యారావుగారు అంతా విన్నారు. "ఆ పిల్ల బతికింది కదా?" అన్నారు.

"బతికిందండీ."

"అయితే ఇంకేంటయ్యా?"

ఆయన చెడ్డమనిషి కాదు. ఆసుపత్రి ఖర్చంతా అడక్కుండానే ఇచ్చారు. కానీ మాట మార్చనన్నారు. బార్లీ అన్న మాట తీసేస్తే అమ్మకం పడిపోతుందన్నారు. ఓనర్లలో ఈ రకం ఎక్కువ, చూసుకోండి. జరిగినదానికి ఉదారంగా ఉంటారు, జరగబోయేదానికి గుడ్డిగా ఉంటారు.

ఎదురు తిరిగే ధైర్యం నాకెక్కడిది? అందుకని ఉన్నదాంతోనే పనిచేశాను. మచిలీపట్నం నుంచి నందిగామ దాకా ప్రతి కొట్టుకీ వెళ్ళాను. ఊరూ పేరూ లేకుండా సంగతి చెప్పాను. "మీ కొట్లో బార్లీ అడిగేవాళ్ళలో ఎవరికి నిజంగా బార్లీ కావాలో మీకు తెలుసా?" అని మాత్రం అడిగాను. ఒక్కొక్కడి మొహంలో రంగు మారడం చూశాను. నెల తిరిగేసరికి మధ్య తలుపులన్నీ మూతపడ్డాయి. మేష్టర్లు మళ్ళీ బ్రాందీషాపు మెట్టు ముందు దిక్కులు చూడడం మొదలుపెట్టారు. అమ్మకం నిజంగానే పడిపోయింది. సూర్యారావుగారికి కారణం తెలిసింది. "నిన్ను బీరు అమ్మమంటే భయం అమ్ముకొచ్చావు" అన్నారు. ఉద్యోగం మాత్రం తీసెయ్యలేదు. ఆయనకీ కాస్త అమ్మానేమో.

ఇంట్లో పుష్పలీల ఆ వారమే స్త్రీల సమాజంలో లేచి, "మా ఆయనది బీరు కంపెనీ. నేను అబద్ధమాడాను" అంది. ఎవరూ మూర్ఛపోలేదు. బార్లీ చలవని మెచ్చుకున్న ఆ పెద్దావిడ మాత్రం, "అందుకా మా ఆయన ఈమధ్య తన బార్లీ తనే తెచ్చుకుంటున్నాడు!" అందట.

అబ్బాయిలూ, మీరు అమ్మబోయే సరుకును నన్నడక్కుండానే బాగా చేస్తారు. లేబులు వేసేముందు, దానికో ముద్దుపేరు పెట్టేముందు, ఆ పేరు నిజమని నమ్మే మనిషి ఎవరో ఆలోచించండి. ఆ మనిషి తప్పకుండా ఉంటుంది. మీ లెక్కలో ఉండదు, అంతే.

ఆ తరవాత నేను ఆ నేతగాళ్ళ వీధికి వెళ్ళలేదు. ఏం అడుగుతారో, నా నోటివెంట ఏం వస్తుందోనని. వర్షాకాలం వెళ్ళాక ఒకరోజు పామర్రు బస్టాండులో వెనకనుంచి పిలుపు.

"కంపెనీ బాబూ!"

నాగరత్తమ్మ. చంకలో పాతచీర చుట్టిన పిల్ల. నలభై ఏళ్ళు దాటిపోయింది గానీ, ఆ పిలుపు నిన్నటిదిలా ఉంది.

"పిల్లని పెడన తీసుకెళ్తన్నా, వాళ్ళమ్మ బస్సు కనుక్కోటానికెళ్ళింది. కొట్లో నీ బార్లీ రావట్లేదంటన్నాడేం నాయనా? మళ్ళీ కాన్పుకి కావాల్సొచ్చిద్ది."

"అది చెయ్యడం మానేశారమ్మా."

"అయ్యో! అంత మంచి మందు..." అంది ఆవిడ. నిజంగా బాధపడింది. ఇంతలో బస్సొచ్చింది. జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. సంచీ సర్దుకోవడానికి ఆవిడ పిల్లను నా చేతుల్లో పెట్టేసింది. నా చేతులు చూసి నవ్వింది.

"అంత భయపడతావేంటయ్యా? గట్టిగా పట్టుకో. ఏం కాదులే."

గట్టిగా పట్టుకున్నాను.